నేను పాతిన అమ్మవారు

దేవుడు లేడని నలభై ఏళ్ళుగా రాస్తున్నాను. వేదికలెక్కి గొంతు పోయేలా అరిచాను. జాతకాలు చెప్పేవాళ్ళ చేత తిట్లు తిన్నాను, తాయెత్తులు కట్టేవాళ్ళ చేత శాపాలు తిన్నాను, రెండూ బాగానే అరిగాయి. ఇదంతా మీకు తెలిసిందే. తెలియనిది ఒకటుంది. ఏ భక్తుడికీ చేతకాని పని నేనొకటి చేశాను. పట్టపగలు, నా రెండు చేతులతో ఒక దేవతను పుట్టించాను. ఆమె తొలి ఊరేగింపులో వాహనం తోసింది కూడా నేనే. ఆ ఒక్క ఆదివారం నా పరువు, మా సంఘం పరువు, ఒక అద్దె సైకిలు వెనక చక్రం, మూడూ ఒకేసారి వంకరపోయాయి. చక్రాన్ని మాత్రం తర్వాత సరిచేయగలిగారు.

యాభైల్లో మాట. పటాన్‌చెరులో ఇప్పుడు పొగగొట్టాలు నిలబడ్డ చోట అప్పుడు జొన్నచేలుండేవి. నాకు ఇరవై మూడేళ్ళు. మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మిగతా సమయంలో మూఢనమ్మకాల నిర్మూలన సంఘానికి కార్యదర్శిని. సంఘంలో సభ్యులెందరని అడక్కండి. సమావేశానికి ఒకే బల్ల సరిపోయేది, అందులో కూడా ఒక మనిషికి చోటు మిగిలేది.

నా గది గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను: "అనుమానమే జ్ఞానానికి తలుపు." ఆ తలుపు దగ్గర కూర్చుని వచ్చేపోయే ప్రతివాణ్ణీ అనుమానించేవాణ్ణి. పాలవాణ్ణి నీళ్ళ గురించి అనుమానించాను. పంచాంగాన్ని వాన గురించి అనుమానించాను. ఎవరైనా నవ్వుతూ నమస్కారం పెడితే, ఈ నవ్వు వెనక ఏ సత్యనారాయణ వ్రతం చందా దాగి ఉందోనని జేబు పట్టుకునేవాణ్ణి.

నేను అనుమానించకుండా వదిలేసిన మనిషి ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. ఖాదర్ భాయ్.

ఖాదర్ భాయ్ లారీల మరమ్మతు చేసే ఫిట్టరు. బొంబాయి రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు. దాని వెనక ఒక తుక్కు గుట్ట: విరిగిన నాగటి కర్రులు, మిలిటరీ లారీల స్ప్రింగు పట్టీలు, చెరుకుగానుగ పళ్ళచక్రాలు, చిల్లుపడ్డ గంగాళాలు. పని లేని పూట ఆ గుట్టలోంచి ఒక ముక్క తీసి, తిప్పి తిప్పి చూసి, ఇంకో ముక్కకు అతికించేవాడు. సాయంత్రానికి అది కోడిపుంజయ్యేది. ఇంకో వారానికి నక్కయ్యేది. మా బడికి స్ప్రింగు పట్టీలతో ఒక కొంగను చేసిచ్చాడు. అది ఇన్‌స్పెక్టరు గారి కంటే నిటారుగా నిలబడేది. ఊరంతా ఆయన్ని 'తుక్కు ఖాదర్' అనేది. ఆయన కోపగించేవాడు కాదు.

ఆ ఎండాకాలం నా తలుపు దగ్గరికి ఆయన కూడా వచ్చాడు.

మొదట, షెడ్డు మూలన ఏదో కొత్త బొమ్మ లేచింది. దానిమీద ఎప్పుడూ తడి గోనెపట్ట. కోడిపుంజుకు లేని పరదా దీనికెందుకు? రెండోది, సంతలో ఒక కూలీ ఆడమనిషిని ఆపి, "అమ్మా, నాటేసేటప్పుడు చీరె ఎట్ల దోపుకుంటవు?" అని అడిగి, ఆమె చేత చెప్పు చూపించుకున్నాడు. ఇనుముతో పనిచేసేవాడికి చీరె కట్టుతో పనేమిటి? మూడోది, మడిలోంచి బస్తాడు బురద తెచ్చుకున్నాడు. ఇల్లు కట్టడం లేదు, కుండలు చేయడం లేదు. బురదెందుకు?

ఒకరోజు ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు గోనెపట్ట కొస ఎత్తాను. ఎత్తి, దించి, పరుగున యాదగిరి దగ్గరికి వెళ్ళాను.

యాదగిరి కిరాయి సైకిళ్ళ దుకాణం నడిపేవాడు. మా సంఘానికి కోశాధికారి. కోశం లేదు కాబట్టి నిశ్చింతగా ఉండేవాడు.

"యాదగిరీ, నాలుగు చేతులు!"

"ఎవరికి పంతులూ?"

"బొమ్మకు! ఆడబొమ్మ. నడుం దాకా ఎత్తు. కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద పూసిండు!"

"నాలుగు చేతులా? మంచిగ లెక్కబెట్టినవా?"

"లెక్కల మాస్టర్ని నేను!"

"మాస్టర్లు తప్పరా ఏంది? మొన్న నా కిరాయి లెక్క…"

"అది కాదు. ఆలోచించు. నాలుగు చేతులు మనుషులకుంటయా? ఉండవు. దేవతకుంటయి. కాళ్ళకు మట్టెందుకు పూస్తరు? భూమిలోంచి వచ్చినట్టు కనబడాలని. రేపో మాపో ఎవడి పొలంలోనో ఇది 'వెలుస్తది'. హుండీ పెడ్తరు. ఖాదర్ భాయ్ ఇనుముతోని దేవతలను తయారుచేసి అమ్ముతున్నడు!"

యాదగిరి గడ్డం గోక్కున్నాడు. "ఖాదర్ భాయ్ గసోంటోడు గాదు పంతులూ. ఓసారి పోయి అడుగరాదు?"

చదువరీ, ఈ మాట దగ్గర వేలు పెట్టి ఉంచండి. కథలో బుద్ధి గల మాట ఇదొక్కటే. ఆ పూట అది నాకు ఏమాత్రం నచ్చలేదు.

"దొంగను అడిగితే దొంగనని చెప్తడా? సాక్ష్యం చేతిల ఉండాలె. ఆదివారం మన బహిరంగ సభ ఉంది. పట్నం నుంచి మన సంఘం పెద్దాయన వస్తున్నడు. వేదిక మీద దుప్పటి లాగి చూపిస్త. 'చూడండి, దేవతలు పుట్టేది ఇక్కడ, తుక్కు గుట్టలో!' అంట. జనం నోళ్ళు తెరుస్తరు."

జనం నోళ్ళు తెరిచిన మాట నిజమే. అది తర్వాత చెబుతాను.

శుక్రవారం మధ్యాహ్నం ఖాదర్ భాయ్ నమాజుకు వెళ్ళాడు. మేమిద్దరం షెడ్డులోకి దూరాం. తాళం పగలగొట్టే పని పడలేదు. తాళం లేదు. నిజానికి తలుపే లేదు. బొమ్మకు నా పడక దుప్పటి చుట్టి, యాదగిరి సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టి తాళ్ళతో కట్టాం. నాలుగు చేతులనూ దుప్పటిలో దూర్చడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. రెండు దూరుస్తే రెండు బయటికి వచ్చేవి. సైకిలు మూలిగింది. యాదగిరి హ్యాండిలు పట్టాడు, నేను వెనకనుంచి ఆమె నడుం పట్టాను. అలా పటేల్‌గూడ దారిన పడ్డాం. ఆదివారం దాకా బొమ్మను దాచడానికి అక్కడ మల్లయ్య చేను బీడుగా ఉంది. వానకాలం దాకా దాన్ని ఎవరూ ముట్టరని నా లెక్క.

సగం దూరంలో కట్టెలమోపుతో ఒక ముసలామె ఎదురైంది. పేరు ఎల్లవ్వ. మల్లయ్య తల్లి అన్న సంగతి నాకప్పటికి తెలియదు.

మోపు దించి అడిగింది. "ఎవరు బిడ్డా? గట్ల కప్పుక కూసున్నది?"

యాదగిరి ఆలోచించకుండా అన్నాడు. "మా అత్తమ్మ. పానం బాగలేదవ్వా. సంగారెడ్డి దవాఖానకు తీస్కపోతున్నం."

"సంగారెడ్డి గటు గదా? గిటెందుకు పోతున్నరు?"

"అడ్డదారి."

ఎల్లవ్వ కళ్ళు చిట్లించింది. అనుమానంలో నేనే పండితుణ్ణనుకుంటున్న రోజులవి. ఆ చూపు ముందు నేను ఒకటో తరగతి పిల్లాణ్ణి. దగ్గరికొచ్చి దుప్పటి మీదుగా నుదుటి మీద చెయ్యి పెట్టింది. నడిఎండలో గంటసేపు తిరిగిన ఇనుము ఎలా ఉంటుంది?

"అయ్యో తల్లీ! పొయ్యి మీది పెంక లెక్క కాలుతున్నది! మాట్లాడదేంది?"

"నోరు పడిపోయిందవ్వా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"చేతులన్న పట్టి సూడనియ్యి." దుప్పటి మీద తడిమింది. "ఇదొక చెయ్యి. ఇదొక చెయ్యి. మరి ఇదేంది?"

"అది నాది!" అన్నాను నేను.

ఎల్లవ్వ నా వైపు చూసింది. నా రెండు చేతులూ బొమ్మ నడుం చుట్టూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. చూసింది, లెక్కపెట్టింది. యాదగిరి సైకిలును లాగిన లాగుడుకు నేను ఇంచుమించు బొమ్మను మోస్తూ పరుగెత్తాను.

మల్లయ్య చేను ఎండకు రాయిలా ఉంది. గడ్డపారతో రెండు గంటలు తవ్వాను. సుద్దముక్క తప్ప ఏదీ పట్టని చేతులు నావి, అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. మూరెడు లోతులో ఆమెను పడుకోబెట్టి, మన్ను కప్పి, గుర్తుకు రాయి పెట్టి, విజయవంతంగా ఇంటికొచ్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. దుప్పటి లేకపోయినా.

శనివారం పొద్దున తలుపు తట్టారు. ఖాదర్ భాయ్.

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో తెల్లకాగితం. "మాస్టర్ సాబ్, జెర ఒక దరఖాస్తు రాసియ్యుండ్రి. ఠాణాల ఇయ్యాలె. నా బొమ్మ పోయింది."

ఊళ్ళో అర్జీలన్నీ నేనే రాసేవాణ్ణి. నా దొంగతనం మీద నా దస్తూరీతో నేనే ఫిర్యాదు రాయాల్సి వచ్చింది. కలం పట్టుకుంటే బొబ్బ చిట్లింది.

"చేతులకేమైంది మాస్టర్ సాబ్?"

"సుద్దముక్క… రాసి రాసి…"

"సెలవులల్ల గూడ?"

"సాధన."

ఆయన తల ఊపాడు. నేను గొంతు సవరించుకుని, విచారణాధికారిలా అడిగాను. "బొమ్మ దేనిది? దేవతదా?"

"దేవతా? తౌబా! మా అమ్మది. హుసేన్‌బీ. పటేలు మళ్ళల్ల నాటేసి నాటేసి పోయింది. ఆమె పోయి పన్నెండేండ్లు."

నా కలం ఆగింది. "మరి నాలుగు చేతులు?"

"చిన్నప్పుడు గట్టు మీదికెల్లి చూసేటోణ్ణి. ఒక చేతిల నారు కట్ట. ఒక చేత్తోని నాటు. ఒక చేత్తోని చెమట తుడుసుకునేది. రెండు చేతులతోని గిన్ని పనులు ఎట్లయితయి? నాకు నమ్మబుద్ధి కాలె. నాకు ఎన్ని కనబడ్డయో అన్ని పెట్టిన."

"ఇవి మూడే కదా. నాలుగోది?"

ఆయన ఇటు చూడలేదు. "అది ఉండనియ్యుండ్రి."

తర్వాత జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు. పట్నంలో చిత్రాలు, శిల్పాల ప్రదర్శన. దాన్ని పెట్టే పెద్దలెవరో బస్సు చెడిపోయి ఈ షెడ్డు దగ్గర ఆగారట, కొంగనూ నక్కనూ చూశారట, కొత్త బొమ్మ ఏదైనా చేస్తే పెడతామన్నారట. సోమవారం పొద్దున లారీ పంపుతామని అందులో ఉంది.

"గిన్నేండ్ల సంది తుక్కు ఖాదర్, తుక్కు ఖాదర్ అన్నరు. కాయితం మీద నా పేరు ముందల 'శిల్పి' అని రాసిండ్రు, చూసిండ్రా? సోమవారం లారీ వస్తది. ఏం ఎక్కియ్యాలె?"

చదువరీ, అక్కడే, ఆ నిమిషాన, లేచి నిలబడి "నేనే తీశాను" అని ఉంటే ఈ కథ ఇక్కడ ముగిసేది. నేను కలం గట్టిగా పట్టుకుని అడిగాను. "ఎవరి మీదనైనా అనుమానం ఉందా? రాయాలె."

"అనుమానమా? నాకు ఎవ్వరి మీద లేదు. ఆకలైనోడు ఎవడన్న ఇనుమని తీస్కపోయిండేమో. కేసు అని రాయకుండ్రి మాస్టర్ సాబ్. తెచ్చిస్తె చాలు అని రాయుండ్రి."

అలాగే రాశాను. కింద, రూలు ప్రకారం, 'వ్రాసినవాడు' అని నా సంతకం పెట్టాను. ఒక దొంగ తన పని కింద ఇంత నీటుగా సంతకం పెట్టడం మా తాలూకాలో అదే మొదలు.

ఆయన వెళ్ళగానే యాదగిరి దగ్గరికి పరుగెత్తాను. సంగతి విని అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపున గుచ్చుకుంటుంది. "నేను ముందే చెప్పిన గదా, ఓసారి అడుగు అని" అన్నాడు. మధ్యాహ్నమే బొమ్మను తవ్వి, చప్పుడు లేకుండా షెడ్డులో పెట్టేయాలని తీర్మానించాం. మా సంఘంలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే. గడ్డపార కట్టుకుని బయల్దేరామో లేదో, ఆకాశం నల్లబడింది. వాన. పంచాంగంలో లేని వాన. నల్లరేగడి బురద సైకిలు చక్రాలకు జొన్నసంకటిలా అంటుకుంది. నాలుగడుగులు ముందుకు పోతే మూడడుగులు జారాం. చివరికి సైకిలే మమ్మల్ని ఎక్కేలా ఉంటే వెనక్కి వచ్చేశాం. రేపు పొద్దున్నే అనుకున్నాం.

లెక్కలు చెప్పగలను. గ్రహణాలు చెప్పగలను. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని ఎవరితోనైనా పందెం కాయగలను. కానీ ఎండాకాలంలో ఒక్క గట్టి వాన పడితే రైతు తెల్లారకముందే నాగలి కడతాడని నాకు తెలియదు. ఆ తడి ఆరకముందే వేసవి దుక్కి దున్నుకోవాలి. ఇది మా బడిలో రెండో తరగతి పిల్లవాడికి తెలుసు. వాడికి పాఠం చెప్పే మాస్టరుకు తెలియదు.

ఆదివారం పొద్దున మల్లయ్య చేను అర ఫర్లాంగు దూరం ఉండగానే డప్పులు వినిపించాయి.

యాదగిరి ఆగిపోయాడు. "పంతులూ, నాకు అనుమానంగ ఉన్నది."

"నాకు లేదు" అన్నాను. జీవితంలో మొదటిసారి నాకు ఏ అనుమానమూ లేదు. యాదగిరి అక్కడినుంచే సైకిలు తిప్పాడు. "నేను పోయి ఖాదర్ భాయ్‌ని తోల్కొస్త. నువ్వు జనాన్ని ఆపు."

చేను నిండా జనం. నాగటి కర్రు తగిలి పైకి లేచిన మా హుసేన్‌బీ దుక్కి మధ్యలో నిలబడి ఉంది. ముఖాన పసుపు, నుదుట రూపాయంత కుంకుమ, నాలుగు చేతులకూ గాజులు, మెడలో వేపమండలు. పక్కన మల్లయ్య చేతులు జోడించి నిలబడ్డాడు. ఎద్దులకు కూడా బొట్లు పెట్టారు. అవి మాత్రం ఏమీ నమ్ముతున్నట్టు కనిపించలేదు.

గట్టెక్కి అరిచాను. "ఆగండి! ఇది దేవత కాదు! ఉత్త ఇనుము!"

"నాగలి ఇనుము గాదా పంతులూ? దసరకు మొక్కమా?" అన్నారెవరో.

"ఇది వెలవలేదు! దీన్ని నేనే పాతిపెట్టాను! శుక్రవారం మధ్యాహ్నం!"

"సూసిండ్రా! శుక్రారం!" అంది ఒకామె. ఇంకో పది మంది చేతులు జోడించారు.

"పటాన్‌చెరు నుంచి నేనే తెచ్చాను! సైకిలు మీద!"

జనంలోంచి ఎల్లవ్వ ముందుకొచ్చింది. ప్రాణం లేచొచ్చింది నాకు. సాక్షి! "అవ్వా, నువ్వే చెప్పు! నువ్వు చూశావు కదా?"

"సూసిన" అంది ఎల్లవ్వ గట్టిగా. "ఈ పంతులు సెప్పేది ముమ్మాటికి నిజం. నా కండ్లార సూసిన. సైకిలెక్కి వచ్చింది తల్లి. నెత్తి మీద చెయ్యి పెట్టిన, నిప్పు లెక్క కాలింది. మూడో చెయ్యి నాకు తగిలింది. నాదంటడు ఈ పిలగాడు! నేను అప్పుడే అనుకున్న. మనిషైతె గట్ల కాలుతదా? మాట్లాడకుండ కూసుంటదా?"

"అది ఎండకు కాలిందవ్వా! తవ్వింది నేను! ఇదిగో, గడ్డపార పట్టిన బొబ్బలు!" రెండు అరచేతులూ చాచాను. ఎల్లవ్వ పట్టుకుని చూసి కెవ్వుమంది.

"అమ్మవారు పోసింది! అయ్యో కొడుకా, ముట్టుకున్నందుకు నీకే పోసింది!"

నలుగురు ఆడవాళ్ళు నా చేతులు పట్టి పసుపు పూశారు, వేపాకు నూరి పెట్టారు. ఒకామె నా నొసట కూడా ఇంత పూసింది. గింజుకున్న కొద్దీ పూనకమన్నారు.

మిత్రులారా, తర్కమనే శాస్త్రాన్ని నేను పుస్తకాల్లో చదివాను. అది ఎదురు తిరిగితే ఎలా ఉంటుందో ఆ గట్టు మీద చూశాను. నేను చెప్పిన ప్రతి నిజమూ ఆమెకు ఇంకో మహిమ అయింది. అబద్ధం చెప్పి ఉన్నా ఇంత నష్టం జరిగేది కాదు. మల్లయ్య అప్పటికే గుడికి జాగా అడుగులతో కొలుస్తున్నాడు. "ఈడికెల్లి కదిలియ్యొద్దు. ఈడనే కట్టాలె." రేపు పొద్దున లారీ వస్తుంది. ఉత్తదే పోతుంది. ఖాదర్ భాయ్ మళ్ళీ తుక్కు ఖాదరే అవుతాడు. కారణం నేను.

అప్పుడే యాదగిరి సైకిలు వెనక కూర్చుని ఖాదర్ భాయ్ వచ్చాడు. దిగి, జనంలోంచి నడిచి, బొమ్మ ముందు నిలబడ్డాడు. డప్పులు ఆగాయి. ఆయన పసుపు ముఖాన్ని చూశాడు, గాజులు చూశాడు, నన్ను చూశాడు. నేను వేపాకు చేతులు వెనక్కి దాచుకున్నాను.

"ఈమెను చేసింది నేను" అన్నాడు నెమ్మదిగా. "మా అమ్మ."

ఎల్లవ్వ ముఖం చిట్లించింది. "నువ్వెవరి కొడుకువు?"

"హుసేన్‌బీ కొడుకును."

"పటేలు మళ్ళల్ల నాటేసే హుసేన్‌బీ?" ఎల్లవ్వ గొంతు మారింది. "నా పక్క సాలులనే ఉండేది గదా! నడుం లేపకపోయేది. పాట నేనెత్తుకుంటె ఆమె అందుకునేది." బొమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు ఒక్కొక్కటే తడిమింది. నాలుగో చెయ్యి దగ్గర ఆగింది. అది నడుం పక్కన వంపు తిరిగి, ఖాళీని పట్టుకుని ఉంది. "నారు, నాటు, చెమట… ఈ చెయ్యేంది బిడ్డా? దీంట్ల ఏమి లేదు."

ఖాదర్ భాయ్ ఆ వంపులో చెయ్యి పెట్టాడు. "అది నేనుండే జాగ అవ్వా. నాకు నడక రాకముందు నన్ను చంకల ఎత్తుకోనే నాటేసేది."

ఖాదర్ భాయ్ జనం వైపు తిరిగాడు. "మొక్కుతె మొక్కుండ్రి, మీ ఇష్టం. ఒక్క మాట చెప్పుండ్రి. ఆమె బతికున్నప్పుడు, జెర సేపు కూసో హుసేన్‌బీ అని ఎవలన్న అన్నరా?"

నలభై ఏళ్ళలో నేను చేసిన ఉపన్యాసాలన్నీ కలిపి తూచినా ఆ ఒక్క ప్రశ్నకు సరితూగవు. మల్లయ్య జాగా కొలవడం మానేశాడు. ఎల్లవ్వే బదులు చెప్పింది.

"అనలే బిడ్డా. నన్ను గూడ ఎవ్వలు అనలే."

కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది. "మరి ఇప్పుడు ఈమెను ఏం జేస్తవు?"

"రేపు పట్నం పోవాలె. ఆడ నలుగురు చూస్తరు."

"పట్నమా? నేను ఎన్నడు పట్నం సూడలే. పోనీ, నా లెక్క హుసేన్‌బీ సూసొస్తది." ఎల్లవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని ఊరి వైపు తిరిగింది. ఆ చేనుకు ఆమే పటేలైంది. "అడ్డమొస్తె సంపుత. తల్లి పట్నం పోతది. కాని ఉత్తగ పోదు, డప్పులతోని పోతది. ఎవడు తెచ్చిండో వాడే తోలుకపోవాలె. గదే సైకిల్ మీద."

వేలు నా వైపు చూపించింది.

ఇక్కడ మీకు ఒక సంగతి గుర్తు చేయాలి. ఆదివారం. మా బహిరంగ సభ. పటాన్‌చెరు బస్సులు ఆగే చోట రెండు బల్లలు వేసి, పైన గుడ్డ మీద నేనే రాశాను: 'మూఢనమ్మకాలు నశించాలి.' పట్నం నుంచి మా పెద్దాయన బస్సు దిగి, కుర్చీలో కూర్చుని, గడియారం చూసుకుంటున్నాడు. జనం బాగానే కూడారు. వక్త కోసం ఎదురుచూస్తున్నారు.

వక్త వచ్చాడు. ముందు డప్పులు. వెనక గాజులు వేసుకుని, వేపమండలతో, సైకిలెక్కిన నాలుగు చేతుల అమ్మవారు. ఆ సైకిలును తోస్తూ నేను. నొసట పసుపు, చేతుల నిండా వేపాకు. వెనక చక్రం అప్పటికే ఎనిమిది అంకెలా వంగింది, తిరిగిన ప్రతిసారీ కుయ్యోమంటోంది. నా వెనక చేను చేనంతా నడుస్తోంది. సభకు వచ్చిన జనం లేచి, దారిచ్చి, చేతులు జోడించారు. నోళ్ళు కూడా తెరిచారు.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. "ఏమిటయ్యా ఇది?"

"విగ్రహం కాదండీ! శిల్పం!"

"ముందు డప్పులేమిటి?"

"శిల్పానికండీ."

"నీ ముఖాన పసుపేమిటి?"

"బొబ్బలకండీ."

"బొబ్బలు ముఖాన ఉన్నాయా?"

ఆయన కండువా దులుపుకుని, పట్నం వెళ్ళే బస్సు నిలబడి ఉంటే ఎక్కేశాడు. కిటికీలోంచి చివరిసారి చూసి, "అనుమానించాను, నిన్ను చూసినప్పుడే" అన్నాడు.

సోమవారం లారీ వచ్చింది. ఖాదర్ భాయ్ పసుపు కడగనివ్వలేదు. "ఎల్లవ్వ పెట్టింది, ఉండనీ" అన్నాడు. పట్నంలో ఆ బొమ్మ ముందు జనం గుమిగూడారట. పసుపు కుంకుమల పూత చాలా సాహసమైన ప్రయోగమని పెద్దలు మెచ్చుకున్నారట. ఆ ప్రయోగంలో నా వంతు గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

లారీ కదిలాక ఖాదర్ భాయ్ చొక్కా జేబులోంచి ఒక కాగితం మడత తీసి నా చేతిలో పెట్టాడు. నేను రాసిన దరఖాస్తు.

"ఠాణాలో ఇవ్వలేదా?"

"ఇయ్యలే. ఆనాడే జేబుల పెట్టుకున్న. సుద్దముక్కకు గసోంటి బొబ్బలు రావు మాస్టర్ సాబ్. నేను ఇరువై ఏండ్లు గడ్డపార పట్టిన."

నేల చీలితే, నేనే తవ్విన గోతిలోనైనా సరే, దూరేవాణ్ణి. "మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితె మీరు అబద్ధం చెప్పాలె. మీకు అలవాటు లేని పని, ఎందుకు పరేషాన్ చేసుడు? మీరే తెస్తరనుకున్న." ఆయన నవ్వాడు. "మీరన్న నన్ను అడిగితె అయిపోతుండె గదా, గోనెపట్ట ఎందుకు కప్పిన అని?"

"ఎందుకు కప్పినవ్?"

"బురద ఆరి పగులకుండ."

ఇదీ సంగతి. హుసేన్‌బీ తర్వాత పట్నం నుంచి తిరిగొచ్చింది. ఎంత అడిగినా ఖాదర్ భాయ్ అమ్మలేదు, షెడ్డు ముందు నిలబెట్టాడు. ఎల్లవ్వ బతికున్నన్నాళ్ళూ నాట్లకు ముందు వచ్చి, ఆ ఖాళీ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చునేది. ఖాదర్ భాయ్ ఆమెకోసం అక్కడొక లారీ సీటు వేయించాడు. ఊరు మాత్రం ఆమెను సైకిలమ్మ అంది. పటాన్‌చెరులో ఎవరు కొత్త సైకిలు కొన్నా మొదట ఆమెకు చూపించి, హ్యాండిలుకు పసుపు రాయించుకుని కానీ ఎక్కేవాళ్ళు కాదు. ఆ మూఢనమ్మకం మీద నేను ఇంతవరకు ఒక్క వ్యాసం కూడా రాయలేదు. రాస్తే మొదటి పేరాలో ఎవరి పేరు రాయాలో మీకిప్పుడు తెలుసు.

లారీ వెళ్ళిన ఆ సోమవారం సాయంత్రమే గదికి వెళ్ళి గోడ మీది బొగ్గు రాత చెరిపేసి, కొత్తగా ఒక ప్రమాణం రాసుకున్నాను. ఎవరినైనా అనుమానించే ముందు ఒక్కసారి నోరు తెరిచి అడుగుతాను. గోనెపట్ట కనిపిస్తే దాని యజమానిని పిలుస్తాను. ఈ జన్మలో మళ్ళీ గడ్డపార ముట్టను. రాశాక ఒక చిక్కు వచ్చింది. ప్రమాణమన్నాక ఎవరి సాక్షిగానో చేయాలి కదా. దేవుడు లేడు. ఆకాశవాణి మీద నాకు నమ్మకం లేదు. సూర్యచంద్రులు నా ప్రమాణాలను పట్టించుకోరు. చాలాసేపు ఆలోచించాను. పుట్టుక విషయంలో నాకు ఏ అనుమానమూ లేనిది, కన్నవాణ్ణీ పాతినవాణ్ణీ స్వయంగా ఎరిగినది, ఒక్కతే కనిపించింది.

సైకిలమ్మ సాక్షిగా, ఇంకెప్పుడూ చేయను.